రెండు సీట్ల కారులో అమ్మీ ప్రయాణం

గత సంవత్సరం వేసవిలో మా ఆపాకు తోడుగా నేను ఇంగ్లండులోని లెస్టర్ నగరానికి వెళ్ళవలసి వచ్చింది. ఆపాకు అరవై ఒక్క సంవత్సరాలు. బావగారు కాలం చేసి నాలుగేళ్ళయింది. వారి ఒక్కగానొక్క కుమారుడు లెస్టర్‌లో ఇంజనీరు. ఆగస్టులో తల్లిని ఫ్రాన్సు దేశపు కొండలకు తీసుకువెళ్ళాలని అతని సంకల్పం. అందుకు కావలసిన షెంజెన్ వీసా హైదరాబాదులోనే తీసుకున్నాము. ఆ వీసా కోసం ముప్పై వేల యూరోలకు తక్కువ కాని వైద్య బీమా చూపించవలసి వచ్చింది. ఇవన్నీ నాకు తెలిసినవే. తెలియనిది ఒక్కటే, ఏ కారులో వెళ్ళబోతున్నారన్నది.

వెళ్ళిన మరునాడు మేనల్లుడు ఇంటి ముందుకు తీసుకువెళ్ళి చూపించాడు. నా ఛాతీ ఎత్తుకు మించని చిన్న కారు. సీట్లు రెండే. పైకప్పు గుడ్డది, వెనక్కు మడిస్తే ఆకాశమే కప్పు. అది మాజ్దా కంపెనీ వారి ఎమ్ఎక్స్-5. 1989లో అమెరికాలోని చికాగో ప్రదర్శనలో తొలిసారి కనిపించిన ఈ కారు 2016 నాటికి పది లక్షలు తయారైంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఇంతగా అమ్ముడుపోయినది మరొకటి లేదని గిన్నిస్ పుస్తకం గుర్తించింది. మా వాడిది 2003 నాటిది, సెకండ్ హ్యాండు.

నాకు కోపం వచ్చింది. "ఇరవై ఏళ్ళు దాటిన ఆటబొమ్మలో మీ అమ్మను కొండలెక్కిస్తావా?" అని అడిగాను. వాడు బదులు చెప్పలేదు. ఆపాయే అన్నది, "నువ్వు ఊరుకో తమ్ముడూ. వాడి నాన్న పాత బస్సుతో ముప్పై ఏళ్ళు శ్రీశైలం ఘాటు దిగాడు. బండి పాతదా కొత్తదా అని ఆయన ఏనాడూ అడగలేదు. దేన్ని చూసి ఎక్కావు అని అడిగేవాడు."

బావగారు కర్నూలులో ఆర్టీసీ డ్రైవరు. డ్యూటీ ఎక్కే ముందు బస్సు చుట్టూ ఒకసారి నడిచి, ప్రతి టైరును కాలితో తన్ని, కిందికి వంగి నేలపై ఏమైనా కారిందేమో చూసేవారు. చిన్నతనంలో వాడు ఆ నడకను చూస్తూ పెరిగాడు. నేను కోపాన్ని దిగమింగి, ఆ మూడు వారాలూ వాడు చేసిన పనిని దగ్గరుండి చూశాను. ఈ వ్యాసంలోని విషయమంతా అక్కడ చూసినదే.

మొదట బ్రేకుల సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్కడే మోసం బయటపడింది. అంతకు రెండు నెలల ముందు వాడు కారును ఒక వర్క్‌షాపులో సర్వీసుకు ఇచ్చాడు. బ్రేకు ఆయిల్ మార్చినట్లు సర్వీసు పుస్తకంలో ముద్ర వేసి, సంతకం పెట్టి, డబ్బు తీసుకున్నారు. ఆదివారం నాడు మా వాడు మూత తీసి చూస్తే ఆ ఆయిల్ పాలు పోయని చాయ్ రంగులో ఉన్నది. కొత్త ఆయిల్ లేత పసుపు రంగులో ఉంటుంది. పుస్తకం ఒకటి చెబుతున్నది, సీసా మరొకటి చెబుతున్నది.

ఇది రంగుకు సంబంధించిన పట్టింపు కాదు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ కారులో వాడే డాట్-4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వేడి వరకు మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు దిగిపోతుంది. ఊరిలో తిరిగేటప్పుడు ఈ తేడా ఎవరికీ తెలియదు. ఇరవై కిలోమీటర్ల కొండ వాలును బ్రేకు తొక్కుతూ దిగినప్పుడు తెలుస్తుంది. ఆయిల్ మరిగి లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుడుకు లొంగదు, ఆవిరి లొంగుతుంది. పెడల్ నేల దాకా వెళ్ళిపోతుంది, బండి మాత్రం ఆగదు.

ఆ వర్క్‌షాపుకు మళ్ళీ పోదామా అని నేను అడిగాను. "పోయి వాదిస్తే డబ్బు వస్తుందేమో గాని నమ్మకం రాదు మామూ" అన్నాడు. తానే చక్రాలు విప్పాడు. అప్పుడు రెండవ లోపం కనిపించింది. వెనుక ఎడమ చక్రం దగ్గర బ్రేకును బిగించే కాలిపర్ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉన్నది. ఈ కార్లలో వెనుక కాలిపర్లకు ఇది అలవాటైన జబ్బేనట. ఆ సంగతి కూడా సర్వీసు పుస్తకంలో లేదు. కొత్తది తెప్పించి బిగించేసరికి బయలుదేరే తేదీ వారం వెనక్కు జరిగింది. ముందే డబ్బు కట్టిన ఒక హోటల్ గది పోయింది. ఆపా దానికి నొచ్చుకోలేదు, నేను నొచ్చుకున్నాను.

టైర్ల విషయం ఇంతకంటే తేలికగానే తేలింది. పట్టాలు చూస్తే కొత్తవాటిలాగే ఉన్నాయి. ఇంగ్లండు చట్టం అడిగే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు, వీటికి అయిదుకు పైగా ఉన్నది. కాని టైరు పక్కన అచ్చువేసిన నాలుగు అంకెలను వాడు నాకు చూపించాడు. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. అక్కడ 2312 అని ఉన్నది. అంటే 2012లో ఇరవై మూడవ వారం. తక్కువ తిరిగే బండిలో రబ్బరు అరగకుండానే ముసలిదవుతుంది, గట్టిపడి తడి రోడ్డును పట్టుకోదు. నాలుగూ మార్చాడు. మన ఇళ్ళలోనూ వారానికొకసారి తీసే కార్లు ఉంటాయి గదా, పాఠకులు ఒకసారి వంగి ఆ అంకెలు చదువుకోవచ్చు.

తరువాత నీళ్ళు. గుడ్డ పైకప్పు మీద పడిన వాన సీట్ల వెనుక రెండు మూలల్లో ఉన్న చిన్న రంధ్రాల గుండా కిందికి పోతుంది. ఆకులు, మట్టి చేరి అవి మూసుకుపోతే ఆ నీరు తలుపుల కింది ఇనుప పెట్టెల్లో నిలిచి, లోపలి నుండి తుప్పు పట్టిస్తుంది. ఈ కార్లు ఎక్కువగా చచ్చేది ఇంజను చెడి కాదు, ఇలా తుప్పు పట్టి. మా వాడు సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని ఆ రంధ్రాల్లోకి నెమ్మదిగా దూర్చి, నీళ్ళు పోసి, కింద ధార కట్టేదాకా శుభ్రం చేశాడు.

ఇంజనులో టైమింగ్ బెల్టు, దానితోపాటు నీటి పంపు మార్చాడు. రబ్బరు బెల్టు తెగితే ఇంజను ఉన్నచోటనే ఆగిపోతుంది, సొరంగం మధ్యలో ఉన్నా సరే. రేడియేటర్ పైభాగం నల్లని ప్లాస్టిక్‌తో చేసినది. అది ముదురు గోధుమ రంగుకు తిరిగిందంటే పగిలే రోజులు దగ్గరపడినట్లే, కనుక దానినీ మార్చాడు. ఒక మాట నన్ను ఆశ్చర్యపరిచింది. ఈ కారులో వేడిని చూపే ముల్లు డ్రైవరును కంగారు పెట్టకుండా చాలాసేపు మధ్యలోనే నిలబడి ఉండేలా చేశారట. అది కదిలేసరికే ఆలస్యమైపోతుంది. కాబట్టి ముల్లును నమ్మక, కూలెంట్ మట్టాన్ని రోజూ ఉదయం కళ్ళతో చూడటమే దారి.

ఇంతవరకు బండి సంగతి. ఆపా సంగతి అంతకంటే కష్టమైనది.

ఆమెకు మధుమేహం, రోజుకు రెండుసార్లు ఇన్సులిన్. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు. వాడుతున్నది 30 డిగ్రీలు దాటని చోట ఉండాలి. మామూలుగా ఎవరైనా మందుల సంచిని డిక్కీలో పెడతారు. కాని ఈ కారులో సైలెన్సర్ సరిగ్గా డిక్కీ కిందనే ఉన్నది. మా వాడు ఒక థర్మామీటరును డిక్కీలో పెట్టి రెండు గంటలు తిరిగివచ్చాడు. బయట 22 డిగ్రీలు, డిక్కీలో 34. రెండు సీట్ల మధ్య గేరుబాక్సు ఉన్న గట్టు అంతకంటే వేడి. చివరకు తలుపు వైపున, ఆపా పాదాల దగ్గర నీడలో చోటు కుదిరింది. నీటిలో తడిపితే ఆవిరై చల్లబరిచే గుడ్డ సంచిలో మందులు పెట్టి అక్కడ కట్టాడు. ఈ ఒక్క థర్మామీటరు పరీక్ష చూశాక నా కోపం పూర్తిగా పోయింది.

ఎక్కి దిగటం మరొక సమస్య. సీటు నేలకు జానెడు ఎత్తున ఉన్నట్లుంటుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి మొదట పక్కకు తిరిగి కూర్చుని, తరువాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. ఆపా పది రోజులు ఇంటి ముందు సాధన చేసింది. పొరుగింటి పిల్లలు నవ్వారు, తానూ నవ్వింది.

నవ్వులాట కానిది ఆమె దుపట్టా. వారి దారి చివరి మజిలీ నీస్ నగరం. 1927 సెప్టెంబరులో అదే నగరంలో ఇసడోరా డంకన్ అనే ప్రసిద్ధ నర్తకి తెరిచిన కారులో కూర్చోగా, ఆమె మెడలోని పొడవైన వస్త్రం వెనుక చక్రంలో చుట్టుకొని ప్రాణం తీసింది. నేటి కార్ల చక్రాలు అలా బయటపడి ఉండవు. అయినా తెరిచిన కారులో గాలి వెనుక నుండి లోపలికి సుడి తిరుగుతుంది, వదులు గుడ్డ ఎగిరి డ్రైవరు ముఖాన్ని కప్పవచ్చు. ఆపా దుపట్టాలను ఇంట్లోనే ఉంచి, కుట్టిన పొట్టి తలగుడ్డలు నాలుగు సిద్ధం చేసుకున్నది.

డిక్కీ ఎంత? ఒక మోస్తరు పెట్టె, ఒక సంచి. బ్యాటరీ, స్టెప్నీ కూడా అందులోనే. గట్టి సూట్‌కేసులు పట్టవు, మెత్తని సంచులే మూలల్లో ఒదుగుతాయి. ఆపా నాలుగు జతల బట్టలు, జానిమాజ్, మందులు అంటే సరిపోయింది. కొడుకు స్పానర్లు, ఒక సీసా కూలెంట్, అదనపు ఫ్యూజులు అన్నాడు. మామిడికాయ పచ్చడి సీసా గురించి మాత్రం తల్లీకొడుకుల మధ్య చర్చ రెండు రోజులు సాగింది. పచ్చడే గెలిచింది.

ఫ్రాన్సులో బండ్లు కుడివైపున నడుస్తాయి. ఇంగ్లండు కారు హెడ్‌లైట్లు ఎడమ అంచును చూపేలా ఉంటాయి కనుక అక్కడ ఎదుటివారి కళ్ళలో పడతాయి. వాటిపై తగిన స్టిక్కర్లు అంటించాలి. వెనుక యూకే అనే గుర్తు ఉండాలి, పాత జీబీ గుర్తు 2021 సెప్టెంబరు 28 నుండి చెల్లదు. ప్రమాద సూచక త్రికోణం, మెరిసే జాకెట్టు తప్పనిసరి. జాకెట్టు డిక్కీలో కాదు, చేతికందేచోట ఉండాలి. రాడార్‌ను పసిగట్టే యంత్రాలు అక్కడ నేరం. ఇంగ్లండు కారు స్పీడోమీటరులో మైళ్ళ అంకెలే పెద్దవి, కిలోమీటర్లవి చిన్నవి. మోటారు మార్గంలో 130, వానలో 110, ఊళ్ళ బయటి రెండు వరుసల రోడ్ల మీద సాధారణంగా 80 అని మా వాడు ఒక కాగితం ముక్క రాసి స్టీరింగు పక్కన అంటించాడు.

అసలు విషయం పక్క సీటుది. స్టీరింగు కుడివైపు ఉన్న కారు కుడివైపున నడిచే దేశానికి పోతే, పక్కన కూర్చున్న మనిషి రోడ్డు మధ్య వైపుకు వస్తుంది. ముందు లారీ ఉంటే ఎదుట ఏమి వస్తున్నదో డ్రైవరుకు కనిపించదు, పక్క మనిషికి కనిపిస్తుంది. టోల్ గేటు కిటికీ కూడా ఆమె వైపే. టికెట్టు తీసుకోవటం, డబ్బు కట్టటం ఆమె పనే. ఏనాడూ బండి నడపని మా ఆపా ఆ ప్రయాణంలో సగం డ్రైవరన్నమాట. ఆమె చూసి చెప్పినా, తనకు స్వయంగా కనిపించనిదే లారీని దాటనని మా వాడు మాట ఇచ్చాడు. ఆ మాట నేనే అడిగి తీసుకున్నాను.

ఆగస్టు మూడవ వారంలో ఫజర్ తరువాత బయలుదేరారు. లెస్టర్ నుండి ఫోక్‌స్టోన్ సుమారు 270 కిలోమీటర్లు. అక్కడ కారును రైలులోకి ఎక్కిస్తారు, సముద్రం కింది సొరంగంలో 35 నిమిషాలు, అవతల కలే. కారులో మూడవ సీటు లేదు గనుక నేను లెస్టర్‌లోనే ఉండిపోయాను. పగలు పనేమీ తోచేది కాదు, రాత్రి ఫోను కోసం ఎదురు చూసేవాడిని.

వారు ఎన్నుకున్న దారి జెనీవా సరస్సు ఒడ్డున తొనోఁ పట్టణం నుండి మధ్యధరా తీరం దాకా ఆల్ప్స్ పర్వతాల మీదుగా సాగే దాదాపు 700 కిలోమీటర్ల మార్గం. అందులో ఇజెరాఁ కనుమ 2,764 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆల్ప్స్‌లో తారురోడ్డు వెళ్ళే కనుమలలో అదే ఎత్తయినది, వేసవిలో తప్ప మంచు దారి ఇవ్వదు. అంత ఎత్తున గాలి పలచబడి ఇంజను శక్తి దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని మా వాడు ముందే చెప్పాడు. బండి నెమ్మదిగా ఎక్కిందట. దిగేటప్పుడు ఆపా మధ్య మధ్య "రెండో గేరు" అని గుర్తు చేసిందట. "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు" అన్నది బావగారి మాట. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుకు మలుపుల దగ్గర మాత్రమే పని. కింద ఊరిలో ఆగి చక్రం దగ్గర చేయి పెట్టి చూస్తే వేడిగానే ఉన్నది గాని, పెడల్ మాత్రం ఇంటి దగ్గర ఉన్నంత గట్టిగా ఉన్నదని ఆ రాత్రి ఫోనులో చెప్పాడు. ఆపా ఫోను తీసుకుని అక్కడి ఆవుల మెడల్లోని గంటల గురించి చాలాసేపు మాట్లాడింది.

పన్నెండవ రోజు తిరిగివచ్చారు. ఆపా కారు దిగింది, రెండు కాళ్ళూ కలిపి బయటికి తిప్పి, ఎవరి చేయీ పట్టుకోకుండా. టోల్ రసీదులన్నీ ఒక కవరులో వరుసగా దాచి తెచ్చి, లెక్క సరిచూడమని నాకిచ్చింది. ఆదివారం మా వాడు మళ్ళీ జాకీ పెట్టి కారు లేపాడు. ముందు బ్రేకు ఆయిల్ చూశాడు, లేత పసుపుగానే ఉన్నది. తరువాత సీట్ల వెనుక రంధ్రాల్లోకి ఆ సన్నని గొట్టం దూర్చాడు. కుడివైపు దానిలో నుండి ఆల్ప్స్ పైన్ చెట్ల సూదుల్లాంటి ఆకులు మూడు బయటికి వచ్చాయి.