వలసవార్తల పఠనము: యువజన కార్యకర్తల శిక్షణ

తెలుగునందు వలస యను మాటకు గల చరిత్రము చిత్రమైనది. బ్రౌను నిఘంటువున దీనికి శత్రుసైన్యమునకు భయపడి ఇల్లు విడిచి పోవుట యను అర్థము గలదు. ఉత్తరాంధ్రమున నీ మాటయే ఊరి పేరుల చివర చేరినది. శ్రీకాకుళము జిల్లాలోని ఆమదాలవలస, విజయనగరము జిల్లాలోని కొత్తవలస ఇందులకు నిదర్శనములు. ఒకచోట పారిపోవుటను తెలిపిన పదము వేరొకచోట వచ్చి నిలిచినవారి నివాసమును తెలుపుచున్నది. నేటి పత్రికలయందు దీని వ్యాప్తి ఇంకను పెరిగినది. పరదేశీయుల ప్రభుత్వము వలస పాలన. పనికై పోయిన పాలమూరు రైతుకూలి వలస కూలీ. శీతకాలమున కొల్లేటికి వచ్చు గూడబాతు వలస పక్షి. ఎన్నికలకు ముందు కండువా మార్చు నాయకుడు చేయునదియు వలసయే. దేశమును జయించినవానికిని, దేశమున పని దొరకక పోయినవానికిని ఒకే మాట చాలుట గమనింపదగినది.

ఈ వ్యాసము పదనిరుక్తిని గూర్చినది కాదు. వలసపోయిన వారిని, వలసవచ్చిన వారిని గూర్చి పత్రికలు, టీవీలు, చేతిఫోనులు చెప్పు మాటలను వివేచనతో గ్రహించుట యువకులకు ఎట్లు నేర్పవలెను, అట్లు నేర్పదలచిన కార్యకర్తకు మనము ముందుగా ఏమి నేర్పవలెను అనునది ఇందలి విషయము. ఐనను మాటతో మొదలిడుటకు కారణము గలదు. వార్త అబద్ధమా నిజమా యని విచారించుటకు పూర్వమే, అందలి నామవాచకము చదువరి మనస్సున ఒక తీర్పును నాటి పోవును. భాషాశాఖలవారికి ఈ శిక్షణలో పని యేమని అడుగువారికి ఇదియే సమాధానము.

కాందిశీకుడు అను మాటను చూడుడు. ఏ దిక్కునకు పోదునని కలవరపడువాడు కాందిశీకుడని వ్యుత్పత్తి. అమరకోశము భయముచే పరుగెత్తువానిని ఈ పేర పిలిచినది. దేశవిభజన కాలమునుండి తెలుగు పత్రికలు ఇండ్లు కోల్పోయి వచ్చినవారిని కాందిశీకులనిరి. శరణార్థి యను మాట అట్లు కాదు. అది కలవరమును గాక, ఒక అభ్యర్థనను తెలుపును. అభ్యర్థన యున్నచోట దానిని వినవలసినవాడును ఉండును. 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక జాతి, మతము, జాతీయత, సామాజికవర్గము, రాజకీయాభిప్రాయము అను కారణములచే హింస కలుగునను సహేతుకమైన భయముతో స్వదేశము వెలుపల నున్నవానికే ఈ హోదాను విధించినది. భారతదేశము దానిపై సంతకము చేయలేదు. ఇక చొరబాటుదారు అన్నచో నేరము ఋజువగుటకు ముందే పేరులో చేరిపోయినది. ఒకే పడవలో నున్న ఒకే మనిషిని ఈ మూడు పేర్లలో దేనితోనైనను పిలువవచ్చును. 2015 ఆగస్టులో అల్ జజీరా వార్తాసంస్థ మధ్యధరా సముద్రమును దాటి వచ్చువారిని ఇకమీదట వలసజనులు అనక శరణార్థులు అనెదమని ప్రకటించినది. ఆ నిర్ణయము సమంజసమా కాదా యనుట వేరు చర్చ. ఒక వార్తాసంస్థ తన నామవాచకమునకు తాను సంజాయిషీ చెప్పుకొనుట మాత్రము అరుదైన సంగతి.

మాధ్యమములను వివేచనతో చదువుట విద్యలో భాగము కావలెనను భావన క్రొత్తది కాదు. 1982 జనవరిలో నాటి పశ్చిమ జర్మనీలోని గ్రూన్‌వాల్డున యునెస్కో ఆధ్వర్యమున 19 దేశముల ప్రతినిధులు కూడి దీనిని గూర్చి ఒక ప్రకటన వెలువరించిరి. యూరపు మండలి 2013లో ద్వేషభాషణకు వ్యతిరేకముగా ఒక యువజనోద్యమమును ఆరంభించి, మరుసటి యేట కార్యకర్తలకై అభ్యాసగ్రంథమును ప్రచురించినది. అచ్చట యువజనకార్యము ఒక వృత్తి. మనకు 1969లో 37 విశ్వవిద్యాలయములలో ప్రారంభమైన జాతీయ సేవాపథకము గలదు. గ్రామములలో యువజన సంఘములు గలవు. ఐతే బడిపంతులుకు గల అండలు ఈ కార్యకర్తకు లేవు. పాఠ్యపుస్తకము లేదు, పరీక్ష లేదు, హాజరుపట్టీ లేదు. విసుగు పుట్టిన యువకుడు లేచి పోవును. కావున ఉపన్యాసము నేర్పి పంపుట వ్యర్థము. ప్రశ్న వేయుట నేర్పి పంపవలెను.

ఈ విద్య లేకపోవుటవలన కలుగు నష్టము 2018లో మన కన్నులయెదుట జరిగినది. ఆ యేడు దేశమున పలుచోట్ల పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు దిగినవని వాట్సాప్ ద్వారా వదంతులు వ్యాపించినవి. వానితో కూడ తిరిగిన వీడియోలలో ఒకటి కరాచీ నగరమున పిల్లల రక్షణకై నిర్మింపబడిన ప్రచారచిత్రము. మోటారుసైకిలుపై వచ్చిన ఇద్దరు వీధిలోని పిల్లవానిని ఎత్తుకొని పోవుదురు. మరల వచ్చి దింపి, పిల్లలను అపహరించుట ఎంత సులభమో తెలుపు ఫలకమును చూపుదురు. ఈ చివరి భాగమును ఎవరో కత్తిరించిరి. మిగిలినది సాక్ష్యముగా చలామణి యైనది. జూలై 1న మహారాష్ట్రమున ధూళే జిల్లా రాయిన్‌పాడలో భిక్షాటనకు వచ్చిన సంచారజాతివారు ఐదుగురు మూకచేతిలో హతులైరి. అదే నెల 13న బీదరు జిల్లా మురికి గ్రామమున, హైదరాబాదునుండి వెళ్ళి దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచిన యువకులపై జనము విరుచుకుపడగా ఒకడు మరణించెను. చనిపోయిన వారికందరికిని ఉన్న సామాన్యగుణ మొక్కటే: వారు ఆ ఊరివారు కారు. వాట్సాప్ సంస్థ ఆ నెలలోనే మనదేశమున ఒక సందేశమును ఒకసారికి ఐదింటికి మించి పంపుటకు వీలులేకుండ చేసినది. అది వేగమును తగ్గించు ఉపాయమే గాని చదువును నేర్పు ఉపాయము కాదు.

ఆ వదంతులు గద్వాల ప్రాంతమునకును వచ్చినవి. ఇది పూర్వపు మహబూబునగరు జిల్లాలోని భాగము. 2016లో జోగులాంబ గద్వాల జిల్లా యైనది. బొంబాయి, పూనా మొదలగు నగరములకు తరతరములుగా కూలిజనమును పంపిన నేల ఇది. తమ కొడుకులు ఏ ఊరి పొలిమేరలోనో పరాయివారుగా డేరా వేసికొని యుండగా, ఇచ్చటి పల్లెలు తమ పొలిమేరలో కనబడిన పరాయివానిని చూచి భయపడినవి. అప్పటి జిల్లా పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి ఈ పరిస్థితిని తన గ్రామ కానిస్టేబుళ్ళ ద్వారా గ్రహించెను. వేసవిలో ఆరుబయట పడుకొను జనము తలుపులు మూసికొనుట వారికి మొదట అనుమానము కలిగించినది. ఆమె పోలీసులచేతను, జానపదకళాకారులచేతను డప్పు వేయించి, తప్పుడు సందేశములను గూర్చి ఊరూర పాటలు పాడించెను. ఫోనులో వచ్చిన వదంతికి రచ్చబండ యొద్ద సమాధానము చెప్పబడినది. జానపదవిజ్ఞానమును పరీక్షలకై చదువు మన పరిశోధకవిద్యార్థులు ఈ ఉదంతమును తమ శాస్త్రమునకు చెందినదిగా గుర్తింపవలెను. పాట ఇచ్చట అలంకారము కాదు. చెప్పువాడు కండ్లయెదుట నిలిచి యుండును, అతనిని ప్రశ్నింపవచ్చును. చెప్పినవాడెవడో తెలియకుండుటయే వదంతికి బలము గదా.

ఐతే నిజానిజముల నిర్ణయమే ఈ విద్యకు అవధి యని తలచుట పొరపాటు. శిక్షణశిబిరములలో సామాన్యముగా చూపబడు ఉదాహరణము 1991 ఆగస్టు 8న ఇటలీలోని బారీ రేవునకు సుమారు 20,000 మంది అల్బేనియనులతో వచ్చిన వ్లోరా నౌక ఫోటో. 2015లో దానిని కొందరు ఆనాటి శరణార్థుల చిత్రమని వ్యాప్తి చేసిరి. ఇట్టి మోసమును పట్టుకొనుట సులభము. సంవత్సరము తెలిసినచో చాలును. బ్రిటనున 2016 జూన్‌లో, యూరపు సమాఖ్యనుండి వైదొలగవలెనను ప్రచారమునకు వాడబడిన ఒక గోడప్రకటన సంగతి వేరు. అందలి ఫోటో నిజమైనది. 2015 అక్టోబరులో స్లొవేనియాలో తీసినది. అందలి జనులు నిజముగా నడచుచున్నవారే. కాని ఆ బాట బ్రిటను సరిహద్దు కాదు. ఆ వరుస తమ గుమ్మమునకు వచ్చుచున్నదను భావము చిత్రములో లేదు. దానిపై వ్రాసిన అక్షరములలో గలదు. ఫోటో ఎప్పటిది, ఎక్కడిది యని మాత్రమే అడుగుటకు అలవాటుపడిన కార్యకర్త ఇచ్చట మౌనము వహించును.

2020 నాటి మన అనుభవము ఇంకను సూక్ష్మమైనది. మార్చి 24 రాత్రి దేశవ్యాప్త లాక్‌డౌన్ ప్రకటింపబడెను. రైళ్ళు, బస్సులు నిలిచిపోగా కూలిజనము కాలినడకను బయలుదేరిరి. మార్చి 31న సర్వోన్నతన్యాయస్థానము, ప్రభుత్వనివేదిక ననుసరించి, లాక్‌డౌన్ మూడు నెలలకు పైగా సాగునను అసత్యవార్తలవలన పుట్టిన భయమే ఈ వలసకు మూలమని పేర్కొన్నది. మాధ్యమవివేచనను నేర్పదలచిన వాడు ఈ వాక్యమును తప్పక చదివింపవలెను. ఇచ్చట అసత్యవార్త యను పదమే వివేచనకు లోనుకావలసి యున్నది. కూలి ఆగినది, అద్దె ఆగలేదు, వండుకొనుటకు బియ్యము లేవు. ఈ మూడును వార్తలు కావు, అబద్ధములును కావు. మే 8న ఔరంగాబాదు సమీపమున రైలుపట్టాలపై నిద్రించిన 16 మంది కూలీలు గూడ్సుబండి క్రింద మరణించిరి. చెదరిపడిన రొట్టెల చిత్రము దేశమంతట తిరిగినది. వారు పట్టాలపై ఎందుకు పడుకొనిరి యను ప్రశ్నయు తిరిగినది. ఆ ప్రశ్న వ్యాకరణమున కర్త ఎవడో చూడుడు. సెప్టెంబరులో పార్లమెంటుకు ప్రభుత్వము ఇచ్చిన సమాధానము ప్రకారము ఇండ్లకు మరలినవారు ఒక కోటికి పైగా. దారిలో మరణించిన వలసకూలీల సంఖ్య మాత్రము లేదు. లేని అంకెను చదువుటయు పఠనమే.

ఇక శిక్షణక్రమము. మొదటి పూట పత్రికలు తెరువకుండుట మేలని నా అభిప్రాయము. కార్యకర్తలు తమ ఇండ్లలో మూడు తరములవారు ఎక్కడెక్కడికి పోయిరో, ఎవరు తీసికొని పోయిరో, ఎవరు మరలిరో చెప్పుకొనవలెను. వలస లేని ఇల్లు మన ప్రాంతములలో అరుదు. పిమ్మట పత్రికలలో ఒకే సంఘటనను గూర్చిన రెండు మూడు కథనములను ప్రక్కప్రక్కన పెట్టి, మనుష్యులను నీటితో పోల్చిన మాటలను గుర్తింపజేయవలెను. వెల్లువ, వరద, తాకిడి యనునవి ఎంత అలవాటైనవనగా, వానిని తీసివేసి వాక్యమును తిరిగి వ్రాయుమన్నచో పట్టభద్రులు సైతము తడబడుదురు. ఆ తడబాటే పాఠము.

ఈ పనిలో ప్రమాదములును గలవు. తప్పుడు వీడియోను సంపూర్ణముగా ప్రదర్శించి తరువాత ఖండించినచో, కొందరికి ఖండనము మరపునకు వచ్చి వీడియో మాత్రమే నిలుచును. కావున అబద్ధమని ముందుగా చెప్పి, పిదప కొంచెమే చూపవలెను. సమావేశమున వలసకుటుంబపు పిల్లవాడున్నచో అతనిని లేపి సాక్ష్యము చెప్పుమనరాదు. వదంతిని పంపిన పెద్దలను అపహసించుట అన్నిటికంటె చెరుపు. “పెద్దనాయనా, ఇది నీకెవరు పంపినారు? వాళ్ళకెవరు పంపినారు?” అని అడిగినచో పెద్దనాయనయే రెండవ ప్రశ్నకు ఆగును. అన్నియు అబద్ధములే యను నిరాశ మరియొక వ్యాధి. ఏమియు నమ్మని యువకుడు వివేకి కాడు. మరుసటి వదంతికి అతడే మొదటి గిరాకి.

శిక్షణాంతమున ప్రతి కార్యకర్తయు పదునైదు నిమిషములు తోటివారికి పాఠము చెప్పవలెను. వార్తను అతడు గాని శిక్షకుడు గాని ఎన్నుకొనరాదు. ఆనాడు ఎవరి ఫోనుకు వచ్చినది వారు ఇయ్యవలెను. ముందుగా సిద్ధపడిన పాఠమునకును, ఊరిలో ఎదురగు పాఠమునకును గల దూరము అప్పుడు బోధపడును. తరువాత అతడు ఇంటికి పోయి నెలదినములలో ఒక చిన్న పదసేకరణము చేసి తేవలెను. ఒక వరుసలో తన ఊరినుండి పోయినవారిని గూర్చి జనము అను మాటలు: పొట్టకూటికి పోయిరి, పిల్లల చదువులకై పోయిరి, కరువుకు పోయిరి. రెండవ వరుసలో తన ఊరికి వచ్చినవారిని గూర్చి అను మాటలు: ఎక్కడినుండియో దిగిరి, మన పనులు తినుచున్నారు, ఎట్టివారో ఏమో. చర్చాదినమున ఈ రెండు వరుసల శీర్షికలను తారుమారు చేసి బిగ్గరగా చదువవలెను. ఆ మాటల జాబితాలను భాషాశాఖవారు మాండలికసేకరణములతోపాటు భద్రపరచుట మంచిది. పోయినవారి మాటలును వచ్చినవారి మాటలును ఒకే నోటినుండి రాబట్టిన సంగతిని, పేరు వ్రాయక, ఊరును తేదీని మాత్రము ప్రక్కన గుర్తింపవలెను.