ఫిజియోథెరపీ వృత్తి – విద్యార్థుల బాధ్యత

నాలుగేండ్లు శరీరనిర్మాణ శాస్త్రమును, నాడీమండల వ్యాధులను అభ్యసించి, ఆస్పత్రిలో శిక్షణ పొంది యింటికి వచ్చిన ఫిజియోథెరపీ విద్యార్థిని "ఒళ్లు పట్టుటకు ఇంత చదువేల?" అని బంధువులు అడుగుట మన కుటుంబములలో వినబడు మాటయే. వారికి ఆ విద్యను గూర్చి చెప్పినవారు లేరు. చెప్పవలసినవారు ఆ విద్యార్థులే.

ఈ అపోహ ప్రాతది. 1894లో ఇంగ్లండులో మర్దన చికిత్స పేరిట అవినీతి గృహములు నడుచుచున్నవని గగ్గోలు పుట్టినప్పుడు, నలుగురు నర్సులు ఊరకుండక, శిక్షణ పొందినవారి సంఘమును స్థాపించిరి. ఆ సంఘమే 1920లో రాయల్ చార్టర్ పొంది, నేడు చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీగా వర్ధిల్లుచున్నది.

మన దేశమున ఈ విద్యకు ద్వారము తెరచినది పోలియో. బొంబాయిలో ఆ వ్యాధి ప్రబలిన పిమ్మట, ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో 1953లో కె.ఇ.ఎం. ఆస్పత్రియందు ఫిజియోథెరపీ పాఠశాల వెలసెను. 1955లో ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజియోథెరపిస్ట్స్ ఏర్పడెను. ఐనను దేశమంతటికిని వర్తించు చట్టము 2021లో గాని రాలేదు. అరువదియారేండ్లు! ఆ చట్టము ప్రకారము రాష్ట్రములు ఆరు నెలలలో మండలులను ఏర్పరుపవలసియుండగా, పెక్కు రాష్ట్రములు జాగు చేసెను. 2024లో సుప్రీంకోర్టు గడువు పెట్టవలసి వచ్చెను. కొద్ది వారముల శిక్షణతో బోర్డు కట్టినవానికిని పట్టభద్రునకును గల భేదమును రోగి తెలిసికొనుటకు అట్టి మండలి ఉంచు రిజిస్టరే ఆధారము. కావున ఈ విషయమున విద్యార్థులకు పట్టింపు ఉండవలెను.

అర్జీలు పెట్టుట సంఘముల పని. విద్యార్థి స్వయముగా చేయదగినది మరియొకటి కలదు. షోలాపురములోని తెలుగు నేతకుటుంబమున ఒక పెద్దకు పక్షవాతము వచ్చినదనుకొందము. ఆస్పత్రిలో చెప్పునది మరాఠీలో, కళాశాలలో నేర్పునది ఇంగ్లీషులో, ఇంట మాటలాడునది తెలుగులో. చచ్చుబడిన చేతిని పట్టి లాగి లేవనెత్తుట ఇంటివారు ప్రేమతో చేయు పనియే. కాని పట్టు సడలిన భుజపు కీలు అందువలన దెబ్బతిని, నొప్పి చాలకాలము నిలువవచ్చును. వీపుకు ఆనిక యిచ్చి లేపవలెను, కూర్చున్నప్పుడు చేతిక్రింద దిండు నుంచవలెను. మెదడులో చెడిన భాగము పనిని కొంతవరకు తక్కిన భాగములు నేర్చుకొనగలవు. గ్లాసు పట్టుకొనుట, కుర్చీనుండి లేచుట వంటి పనులనే మరల మరల చేయించినచో ఆ నేర్పు పెరుగును. "ఎక్సర్‌సైజు" అని ఊరకున్నచో అవ్వకు తాలింఖానాలోని దండెములు తోచును! వాడుకలో "నరము" అనుమాట నాడికిని రక్తనాళమునకును ఒక్కటే. ఆ తేడాను సైతము విద్యార్థి విప్పిచెప్పవలెను.

వృత్తి పక్షమున మాటలాడుటలో అతిశయోక్తి తగదు. నడుమునొప్పితోపాటు మూత్రము బిగిసినను, కాళ్లు పట్టు తప్పినను, వ్యాయామము మాని తత్‌క్షణమే వైద్యునికడకు పంపవలెనని చెప్పగలవానినే జనులు నమ్ముదురు.

ఏటేట సెప్టెంబరు 8న ప్రపంచ ఫిజియోథెరపీ దినము జరుగుచున్నది. ఆనాడు కళాశాలలో ఉపన్యాసములతో సరిపుచ్చక, విద్యార్థులు తెలుగువారి పేటలోని సంఘమందిరమునకు ఒక మంచమును, రెండు దిండ్లను తీసికొనిపోయి, ఆ చేతిని ఎట్లు పట్టవలెనో ఇంటివారిచేతనే చేయించి చూపవచ్చును.