కచేరీ ఎక్కడ పెడదాం?

పిల్లలూ! పామర్రులో మీ బడి వార్షికోత్సవం దగ్గర పడిందనుకుందాం. ఈసారి పాటకచేరీ పెట్టించాలని పెద్దలు నిర్ణయించారు. ఒక గాయని, వయొలిను, మృదంగం, తంబురా. "స్థలం సంగతి మీరే చూడండర్రా" అని మాస్టారు ఆ పని మీకు అప్పగించారు. మూడు చోట్లు కనిపిస్తున్నాయి. ఒకటి బడిలోని పెద్ద హాలు. రెండవది కోతలైపోయిన వరిచేను. మూడవది నాలుగు రోడ్ల కూడలి దగ్గరి ఖాళీ జాగా. మీరు దేన్ని ఎంచుకుంటారు?

"ఎక్కడైతేనేం, మైకు ఉందిగా!" అంటారా? తొందరపడకండి. చోటు కుదరకపోతే మైకు కూడా ఆదుకోలేదు. చివరి వరుసలో చాపమీద కూర్చున్న మామ్మగారికి గోల వినిపిస్తుంది గాని పాట వినిపించదు. గాయని గొంతు చించుకోవలసి వస్తుంది. కాబట్టి ముందు ధ్వని స్వభావం తెలుసుకుందాం.

హాలులో ఏం జరుగుతుంది?

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. హాలులో పాడిన స్వరం మీ చెవికి నేరుగా ఒకసారి చేరుతుంది. ఆ తరువాత గోడలకు, పైకప్పుకు, నేలకు తగిలి వెనక్కు తిరిగి మళ్ళీ మళ్ళీ వస్తుంది. గట్టి సిమెంటు గోడ తనను తాకిన ధ్వనిలో చాలా కొద్ది భాగాన్నే పీల్చుకుంటుంది. అందుకే పాట ఆపినా హాలు వెంటనే ఊరుకోదు. కొంతసేపు మోగుతూనే ఉంటుంది. దీన్ని ప్రతినాదం అంటారు. కొద్దిగా ఉంటే పాటకు నిండుదనం వస్తుంది. మరీ ఎక్కువైతే ముందు స్వరం పోకముందే తరువాతి స్వరం వచ్చి దానిమీద పడుతుంది. సాహిత్యం అర్థం కాదు, తాళం అలుక్కుపోతుంది.

దిండ్లు నేర్పిన పాఠం

1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఇదే చిక్కు వచ్చింది. కొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో పలికిన మాట అయిదు సెకన్లకు పైగా మోగుతూ ఉండేది. పాఠం ఎవరికీ అర్థమయ్యేది కాదు. దీన్ని బాగుచేసే పనిని వాలెస్ సేబిన్ అనే యువ భౌతికశాస్త్రజ్ఞుడికి అప్పగించారు. ఆయన ఏం చేశాడో తెలుసా? ఊరు సద్దుమణిగిన రాత్రివేళల్లో పక్కనున్న నాటకశాలనుంచి కుర్చీల దిండ్లు మోయించి తెచ్చాడు. వాటిని కొన్ని కొన్ని చొప్పున హాలులో పరుస్తూ, ఒక ఆర్గన్ గొట్టం ఊది ఆపుతూ, ధ్వని ఎంతసేపటికి అణగిపోతుందో గడియారంతో కొలిచాడు. దిండ్లు పెరిగినకొద్దీ ప్రతినాదం తగ్గింది! ఆయన కనుక్కున్న సూత్రం సహాయంతో కట్టిన బోస్టన్ సంగీతశాల 1900లో ప్రారంభమైంది. ప్రపంచంలోని మేలైన సంగీతశాలల్లో ఒకటిగా దానికి పేరుంది.

ఆ సూత్రం మీరూ వాడవచ్చు. హాలు ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చవేసి, ధ్వనిని పీల్చుకునే శక్తితో భాగించాలి. ప్రతినాద కాలం సెకన్లలో వస్తుంది. పూర్తిగా తెరిచిన చదరపు మీటరు కిటికీ పీల్చుకునే శక్తిని 1 అనుకోవాలి. ఎందుకంటే అందులోంచి పోయిన ధ్వని ఇక తిరిగి రాదు.

మీ హాలు పొడవు 20, వెడల్పు 10, ఎత్తు 5 మీటర్లు అనుకుందాం. ఘనపరిమాణం 1000 ఘనపు మీటర్లు. గోడలు, నేల, పైకప్పు కలిపి 700 చదరపు మీటర్లు. గట్టి సిమెంటు నూటికి మూడు వంతులు పీల్చుకుంటుందనుకుంటే మొత్తం 21. ఇప్పుడు 161ని 21తో భాగించండి. ఖాళీ హాలు 7.7 సెకన్లు మోగుతుందన్నమాట!

ఇక జనం వచ్చారు. కూర్చున్న ఒక్కొక్క మనిషి, ఒంటిమీది బట్టలతో సహా, సుమారు 0.45 పీల్చుకుంటాడు. 300 మంది వస్తే 135, గోడలతో కలిపి 156. ప్రతినాద కాలం సుమారు 1 సెకనుకు దిగింది! మాట స్పష్టంగా వినపడడానికి ఇది చక్కని కొలత. మరి 100 మందే వస్తే? లెక్క కట్టండి: 2.4 సెకన్లు. అప్పుడు గోడలకు మందపాటి దుప్పట్లు వేలాడదీయాలి, నేలమీద జంపఖానాలు పరవాలి. ఎంతమంది వస్తారో తెలియకుండా చోటు ఎంచుకోకూడదని దీనివల్ల తెలుస్తుంది.

ఆరుబయట సంగతి

వరిచేలో ప్రతినాదం బెడద లేదు. గోడలే లేవు కదా! కాని ఇక్కడ చిక్కు వేరు. దూరం రెట్టింపైతే ధ్వని తీవ్రత నాలుగోవంతుకు పడిపోతుంది. పైగా చదునైన నేలమీద వరుసగా కూర్చున్న జనం, తమ తలలమీదుగా పోయే ధ్వనిని దారిలోనే పీల్చేసుకుంటారు. అందుకే వేదిక ఎత్తుగానైనా ఉండాలి, శ్రోతలు మెట్లమీదనైనా కూర్చోవాలి. నాగార్జునకొండ త్రవ్వకాల్లో సుమారు 1700 ఏళ్ళ కిందటి ఇక్ష్వాకుల కాలపు రంగస్థలం బయటపడింది. దానికి ఇటుకలతో కట్టిన మెట్ల వరుసలు ఉన్నాయి. సాగరు నీటిలో మునగకుండా దాన్ని అనుపు దగ్గర తిరిగి నిలిపారు. మన డెల్టాలో కొండలు లేకపోయినా కాలువ గట్లున్నాయి. చేనువైపు వాలు మీద కూర్చుంటే అవే మెట్లు! నీళ్ళవైపు మాత్రం ఎవరినీ పోనివ్వకండి.

గాలి వాటం కూడా చూడాలి. గాలి పైకి పోయినకొద్దీ వేగంగా వీస్తుంది. అందువల్ల గాలివాటుగా పోయే ధ్వని నేలవైపు వంగుతుంది, ఎదురుగా పోయేది ఆకాశంవైపు వంగుతుంది. వేసవి సాయంత్రాల్లో మన ప్రాంతంలో సాధారణంగా సముద్రంవైపునుంచి గాలి వస్తుంది. అలాంటప్పుడు వేదిక చేనుకు దక్షిణపు కొనలో, గాయని ముఖం ఉత్తరానికి ఉండాలి.

వేళ కూడా ముఖ్యమే. పగలు నేల కాగి, దాన్ని ఆనుకున్న గాలి వేడెక్కుతుంది. ధ్వని వేడిగాలిలో వేగంగా, చల్లగాలిలో నిదానంగా పోతుంది. కాబట్టి పగలు అది పైకి వంగి మన తలలమీదుగా తప్పించుకుపోతుంది. నిర్మలమైన రాత్రి నేల దగ్గరి గాలి ముందు చల్లబడుతుంది. ధ్వని కిందికి వంగి దూరాలకు పాకుతుంది. పామర్రునుంచి చల్లపల్లి పోయే దారిలోనే కూచిపూడి ఉంది కదా! మైకులు లేని కాలంలో ఆ ఊరి భాగవతులు ఆరుబయట రాత్రిళ్ళు ప్రదర్శనలిచ్చేవారు. జనం వేదిక చుట్టూ దగ్గరగా కూర్చునేవారు. రాత్రి గాలి పాటకు తోడుపడేది.

లౌడుస్పీకర్లతో జాగ్రత్త! వంద మీటర్ల అవతల ఇంకొకటి కట్టారనుకోండి. దాని పక్కనున్నవారికి అందులోంచి పాట వెంటనే వినిపిస్తుంది. వేదిక దగ్గరి స్పీకరు ధ్వని 0.3 సెకను ఆలస్యంగా వస్తుంది. సెకనుకు ఎనిమిది దెబ్బలు పడే మృదంగం, రెండు దెబ్బలు వెనకబడి మరోసారి మోగుతుంది!

పొరుగువారి మాట

ఇక కూడలి సంగతి. పుణే, మచిలీపట్నం మధ్య 65వ నంబరు జాతీయ రహదారి పామర్రు మీదుగానే పోతుంది. లారీ ఇంజను బొంగురు చప్పుడు తంబురా శ్రుతిని, మృదంగం తొప్పి నాదాన్ని కప్పేస్తుంది. స్పీకరు పెంచితే సరిపోదా అంటారేమో. పాట పెరిగినకొద్దీ పక్క వీధిలోని రోగికి నిద్ర ఉండదు, పరీక్షకు చదివేవారికి చదువు సాగదు. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడుస్పీకర్లు మోగించకూడదు. ప్రత్యేక అనుమతి ఉన్న కొద్ది రోజులకే అర్ధరాత్రి వరకు సడలింపు. ఆస్పత్రుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. రాత్రి గాలి పాటను దూరం మోసుకుపోతుందని ఇంతకుముందే చూశాం కదా! మనకు మేలు చేసే గాలే పొరుగువారికి కీడూ చేయవచ్చు.

చేసి చూడండి

హాలుకు మీ స్నేహితుణ్ణి తీసుకుపొండి. "పాలు, పూలు, కాలు, గాలి, రాలి" వంటి పోలికలున్న పది మాటలు రాసి, వేదికమీదనుంచి మామూలు గొంతుతో చదవమనండి. మీరు ముందు, మధ్య, వెనక మూలల్లో కూర్చుని, విన్నది విన్నట్లు రాయండి. ఎక్కడ తప్పులెక్కువ వచ్చాయో అక్కడే మామ్మగారికీ పాట వినపడదు. కిటికీలు తెరిచి, మూసి మళ్ళీ చూడండి. తెరిస్తే ప్రతినాదం తగ్గుతుంది, కాని రోడ్డు చప్పుడు లోపలికి వస్తుంది. ఏది మేలో మీ కాగితమే చెబుతుంది.

ఇప్పుడు తీర్పు చెప్పండి. మూడు వందలమందైతే రోడ్డువైపు కిటికీలు మూసిన హాలు మంచిది. వెయ్యిమందైతే ఊరికి ఎడంగా ఉన్న చేను, సాయంత్రం వేళ. కూడలి జాగా మాత్రం వద్దు. చివరి చాపమీది మామ్మగారికి ప్రతి మాటా అందితే, పక్క వీధిలోని రోగి హాయిగా నిద్రపోతే, మీరు ఎంచుకున్న చోటు సరైనదే!