శీర్షిక తోక తెగకుండా!

ఫోన్‌లోనో, కంప్యూటర్‌లోనో ఏదైనా విషయం కోసం వెతికినప్పుడు ఏం కనిపిస్తుందో గమనించారా? వరుసగా కొన్ని శీర్షికలు. వాటిలో కొన్ని పూర్తిగా ఉంటాయి. కొన్నింటికి మధ్యలోనే తోక తెగి, మూడు చుక్కలు మిగులుతాయి! ఈ తోకలు ఎందుకు తెగుతున్నాయి?

ముందుగా ఒక ఉదాహరణ చూద్దాం. పొలంలో ఒకరిని పాము కాటేసిందనుకోండి. పక్కనున్నవారు గబగబా ఫోన్ తీసి వెతికారు. "మా పాఠశాల సైన్సు సంఘం విద్యార్థులు సమర్పించు ఆరోగ్య..." అని ఒక శీర్షిక కనిపించింది. "పాము కాటుకు ప్రథమ చికిత్స" అన్న అసలు మాటలు చుక్కల వెనుక దాగిపోయాయి. కట్టు బిగించకూడదనీ, గాయం కోయకూడదనీ, కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలనీ ఆ పేజీలో వివరంగా ఉంది. ఉండి ఏం లాభం? ఎవరూ దాన్ని తెరవలేదు!

శీర్షిక ఎక్కడుంటుంది?

వెబ్ పేజీలను హెచ్.టి.ఎమ్.ఎల్. అనే గుర్తుల భాషలో రాస్తారు. అందులో "టైటిల్" అనే రెండు గుర్తుల మధ్య శీర్షికను ఉంచుతారు. సెర్చ్ ఇంజన్ కోట్లాది పేజీలను ముందే చదివి, పుస్తకం చివరి పదసూచిక వంటిది తయారు చేసుకుంటుంది. మనం అడగగానే అందులోంచి తీసి చూపిస్తుంది. చూపించేటప్పుడు ఎక్కువగా ఈ టైటిల్‌నే వాడుకుంటుంది.

అక్షరాల లెక్కా? వెడల్పు లెక్కా?

శీర్షికకు తెర మీద దొరికే చోటు కొంతే. ఆ చోటుకు కొలత అక్షరాల సంఖ్య కాదు, వెడల్పు. తెర మీది బొమ్మలన్నీ పిక్సెల్ అనే సన్నని చుక్కలతో ఏర్పడతాయి. ఇంగ్లీషులో చిన్న "ఐ" అక్షరానికి కొద్ది పిక్సెళ్లు చాలు. పెద్ద "డబ్ల్యూ"కు చాలా ఎక్కువ కావాలి.

మన తెలుగులో ఇంకా చిత్రం! "స్త్రీ" అన్నది చూపుకు ఒక్క అక్షరమే. కానీ యూనికోడ్ పద్ధతిలో కంప్యూటర్ దాన్ని ఆరు సంకేతాలుగా దాచుకుంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. "కమలం" అన్న మాటకు నాలుగు సంకేతాలే. కానీ తెర మీద ఎక్కువ చోటు ఆక్రమించేది "కమలం"! కాబట్టి సంకేతాలు లెక్కపెట్టి తెలుగు శీర్షిక పొడవు తేల్చలేం.

మరి ఎలా రాయాలి?

అసలు మాట ముందుండాలి. సంఘం పేరు, బడి పేరు చివర ఉంటే, తోక తెగినా నష్టం లేదు. ఒక్కొక్క పేజీకి ఒక్కొక్క శీర్షిక ఉండాలి. అన్నింటికీ "ఆరోగ్య విశేషాలు" అని పెడితే ఏది ఏమిటో తెలియదు. పేజీలో లేని విషయాన్ని శీర్షికలో చెప్పకూడదు. శీర్షిక సరిగా లేదనిపిస్తే, గూగుల్ పేజీలోని వేరే మాటలను తీసి చూపిస్తుంది. 2021 నుంచి ఇందుకు కొత్త పద్ధతిని అమలు చేస్తోంది.

మీరే చేసి చూడండి

ఒక అట్టముక్కలో 10 సెంటీమీటర్ల పొడవు, 1 సెంటీమీటరు వెడల్పు గల కిటికీ కోయండి. మీ వ్యాసానికి నాలుగైదు శీర్షికలను ఒకే సైజు అక్షరాలతో కాగితం మీద రాయండి. కిటికీ ఎడమ అంచును మొదటి అక్షరానికి ఆనించండి. కనిపించిన మాటలను మాత్రమే స్నేహితునికి చదివి వినిపించి, వ్యాసం దేని గురించో అడగండి. ఏ శీర్షికకు సరైన జవాబు వచ్చిందో, అదే మీ పేజీకి తగినది!