ఊరు చవకే.. భాష వస్తేనే!

స్పెయిన్‌లో పీజీ అనగానే మాడ్రిడ్, బార్సిలోనా గుర్తొస్తాయి. అద్దెలు చూసి బెదిరిన విద్యార్థులకు ఇప్పుడు చిన్న పట్టణాలు కనిపిస్తున్నాయి. వాటిలో సలమాంకా ఒకటి. వెళ్లాలనుకునేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతులివి.

శనివారం మధ్యాహ్నం రెండున్నర. మాడ్రిడ్ నుంచి వచ్చిన బస్సు దిగారు. చేతిలో రెండు సూట్‌కేసులు, వీపున బ్యాగు. కడుపులో ఆకలి. వీధిలో చూస్తే చిన్న కొట్లన్నీ షట్టర్లు దించేసి ఉన్నాయి. బంద్ ఏమైనా జరుగుతోందా అని అనుమానం వస్తుంది. బంద్ కాదు, భోజనాల వేళ. మామూలు రోజుల్లో ఇలాంటి కొట్లు రెండింటికి మూసి ఐదింటికి తెరుస్తారు. శనివారం మధ్యాహ్నం మూసినవి చాలావరకు మళ్లీ సోమవారమే.

సరే, గది ఓనర్‌కు ‘వచ్చేశాను’ అని ఇంగ్లిష్‌లో మెసేజ్ పెట్టారు. జవాబుగా నలభై సెకన్ల వాయిస్ మెసేజ్ వచ్చింది. మొత్తం స్పానిష్, అదీ గడగడా. మూడుసార్లు విన్నా ‘ఓలా’ తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఇలాంటి ఊళ్లో విదేశీ విద్యార్థికి మొదటి పాఠం ఇదే. ఇక్కడ డబ్బు తక్కువే ఖర్చవుతుంది. మిగతాది భాషతో చెల్లించాలి.

ఎందుకీ ఊరు?

సలమాంకా మాడ్రిడ్‌కు వాయవ్యంగా ఉంటుంది. వేగంగా వెళ్లే రైలెక్కితే సుమారు గంటా నలభై నిమిషాల ప్రయాణం. జనాభా లక్షన్నర లోపే. మన దగ్గర ఓ మోస్తరు జిల్లా కేంద్రం కూడా అంతకంటే పెద్దదే. కానీ ఇక్కడి యూనివర్సిటీ 1218లో మొదలైంది. దేశంలో ఇప్పటికీ నడుస్తున్న వాటిలో అన్నింటికన్నా పాతది. ఊరంతా బంగారు రంగు రాయితో కట్టిన భవనాలే. యూనివర్సిటీ ముఖద్వారం శిల్పాల్లో ఓ పుర్రె మీద చిన్న కప్ప ఉంటుంది. ఎవరూ చూపించకుండా దాన్ని కనిపెట్టినవాళ్లు పరీక్ష పాసవుతారని విద్యార్థుల నమ్మకం.

స్పానిష్ నేర్చుకోవడానికి ప్రపంచం నలుమూలల నుంచీ ఇక్కడికి వస్తారు. అందుకే విదేశీ ముఖం కనిపిస్తే ఎవరూ వింతగా చూడరు. అలాగని ఇంగ్లిష్‌లో మాట్లాడతారనుకుంటే పొరపాటే. ‘నేర్చుకోవడానికేగా వచ్చావు, మాట్లాడు’ అన్నట్టు ఉంటుంది వాళ్ల ధోరణి.

నెల లెక్క

పొదుపుగా ఉంటే నెల ఖర్చు ఇలా ఉంటుంది. నలుగురు కలిసి ఉండే ఫ్లాట్‌లో ఒక గదికి సుమారు 300 యూరోలు. అదే మాడ్రిడ్‌లో అయితే 500 దాటుతుంది. కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్‌లో మీ వాటా 50 వరకు. సొంతంగా వండుకుంటే తిండికి 180 నుంచి 200. ఫోన్‌కు 10-15. ఊళ్లో ఎక్కడికైనా నడిచే వెళ్లొచ్చు కాబట్టి బస్సు ఖర్చు పెద్దగా ఉండదు. మొత్తం 560 దగ్గర తేలుతుంది. స్టూడెంట్ వీసాకు చూపించాల్సిన డబ్బుకు 2025లో స్పెయిన్ పెట్టుకున్న కొలత నెలకు 600 యూరోలు. అంటే ఆ మొత్తంతో ఈ ఊళ్లో నిజంగానే బతకొచ్చు.

అయితే మొదటి నెల ఖర్చు వేరు. గదికి అడ్వాన్స్, అదే నెల అద్దె, చలికోటు, దుప్పట్లు, వంటగిన్నెలు.. ఇవన్నీ ఒక్కసారే మీద పడతాయి. వీటి కోసం ఓ వెయ్యి యూరోలు విడిగా దాచుకుని వెళ్లండి.

తెలుగువాళ్లకు తేలికే.. కొంతవరకు

స్పానిష్ ఉచ్చారణ మనకు బాగా కలిసొస్తుంది. అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఎలా రాస్తే అలాగే చదవొచ్చు. వాళ్ల ‘త’, ‘ద’ మన తకారం, దకారమే. ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవాళ్లు వీటి దగ్గర తడబడతారు, మనం తడబడం. ‘ఎస్పాఞ’ అనడానికి మనకు ‘ఞ’ ఉండనే ఉంది. ‘వచ్చాను’ అంటే ‘నేను’ అని విడిగా చెప్పక్కర్లేదు కదా, స్పానిష్‌లోనూ అంతే, క్రియే ఆ సంగతి చెప్పేస్తుంది. ‘నువ్వు’, ‘మీరు’ తేడా కూడా ఉంది: ‘తూ’, ‘ఉస్తేద్’. తోటి విద్యార్థులే కాదు, ప్రొఫెసర్లు కూడా చాలామంది ‘తూ’ అనమంటారు. ఆఫీసుల్లో, పెద్దవాళ్లతో మాత్రం ‘ఉస్తేద్’ అంటే మర్యాద.

కష్టమంతా వేరేచోట ఉంది. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. ప్రతి వస్తువుకూ లింగం గుర్తుపెట్టుకోవాలి. ‘పెరో’ అంటే కానీ, ‘పెర్రో’ అంటే కుక్క. అన్నింటికంటే వాళ్ల వేగం అందుకోవడం కష్టం.

యూరప్ భాషా స్థాయిలు ఏ1 నుంచి సీ2 వరకు ఆరు. విమానం ఎక్కేలోపు కనీసం ఏ2 పూర్తి చేయండి. కౌంటర్ దగ్గర పార్ట్‌టైమ్ పని చేయాలంటే బీ1 కావాలి. ఆఫీసు ఉద్యోగమైతే బీ2 లేకుండా కుదరదు. హైదరాబాద్‌లోని ఇఫ్లూలో స్పానిష్ బోధన ఉంది. ‘దేలే’ పరీక్షలు నిర్వహించే సెర్వాంతెస్ ఇన్‌స్టిట్యూట్‌కు ఢిల్లీలో కేంద్రం ఉంది. సలమాంకా చేరాక ‘ఎస్కువేలా ఒఫిథియాల్ దె ఇదియోమాస్’ అనే ప్రభుత్వ భాషా పాఠశాల ఉంటుంది. ప్రైవేటు కోర్సులతో పోలిస్తే అక్కడ ఫీజు బాగా తక్కువ.

మొదటి నెల కాగితాల పని

వెళ్లగానే ఊరు చూడాలనిపిస్తుంది. ముందు మూడు పనులు పూర్తి చేయండి.

మొదటిది ఎంపద్రోనమియెంతో. అంటే ‘నేను ఈ ఊళ్లో, ఈ చిరునామాలో ఉంటున్నాను’ అని మున్సిపల్ ఆఫీసులో నమోదు చేయించుకోవడం. పాస్‌పోర్టు, అద్దె ఒప్పందం చూపించాలి. తర్వాత చాలా పనులకు ఈ కాగితమే ఆధారం.

రెండోది విదేశీయుల గుర్తింపు కార్డు. దాన్ని ‘తియె’ అంటారు. ఆరు నెలలకు మించిన వీసా ఉంటే, దేశంలో అడుగుపెట్టిన నెలలోపు దరఖాస్తు చేయాలి. 790-012 నంబరు ఫారంతో బ్యాంకులో ఫీజు కట్టి, పోలీసు ఆఫీసులో వేలిముద్రలు ఇవ్వాలి. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోనిదే లోపలికి రానివ్వరు. దాన్నే ‘సీతా ప్రేవియా’ అంటారు. అక్కడికెళ్లాక మీకు ఎక్కువగా వినిపించే మాట ఇదే. పెద్ద నగరాలతో పోలిస్తే ఇక్కడ అపాయింట్‌మెంట్ కొంత తేలిగ్గా దొరుకుతుంది.

మూడోది బ్యాంకు ఖాతా. మనకు ఫోన్‌పే ఎలాగో వాళ్లకు ‘బిజుమ్’ అలాగ. రూమ్మేట్లతో కరెంటు బిల్లు పంచుకోవాలన్నా అదే వాడతారు.

ఆఫీసుల్లో పనంతా సాధారణంగా మధ్యాహ్నం రెండింటిలోపే. ఒక్క జిరాక్సు తక్కువైనా తిప్పి పంపుతారు. అన్నీ రెండేసి సెట్లు పట్టుకెళ్లండి.

పేరు దగ్గర తిరకాసు

ఫారంలో పేరు తర్వాత రెండు గళ్లు ఉంటాయి: మొదటి ఇంటిపేరు, రెండో ఇంటిపేరు. స్పెయిన్‌లో ప్రతి ఒక్కరికీ తండ్రి తరఫుదొకటి, తల్లి తరఫుదొకటి ఉంటాయి. మనకేమో ఇంటిపేరు ముందొస్తుంది, అసలు పేరు రెండు మూడు ముక్కలు. గుమాస్తా అందులో ఒక ముక్కను రెండో ఇంటిపేరు చేసేస్తే, యూనివర్సిటీలో ఒక పేరు, బ్యాంకులో ఇంకో పేరు అయి కూర్చుంటుంది. పాస్‌పోర్టులో ‘సర్‌నేమ్’ గడిలో ఉన్నదే ఇంటిపేరు, రెండోది లేదు అని స్పష్టంగా చెప్పండి. కౌంటర్ వదలక ముందే స్పెల్లింగ్ చూసుకోండి. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లు ఇక్కడే పాస్‌పోర్టు సరిచేయించుకోవడం మేలు.

గది చూసేటప్పుడు

ఫొటోలు చూసి అడ్వాన్స్ పంపకండి. మొదటి రెండు వారాలకు హాస్టలో, విద్యార్థి వసతిగృహమో బుక్ చేసుకుని, ఊళ్లో దిగాక గదులు చూడండి. ఓనర్‌ను మూడు ప్రశ్నలు అడగండి. ఒప్పందం కాగితం మీద రాసిస్తారా? ఆ చిరునామాతో మున్సిపల్ ఆఫీసులో నమోదు చేయించుకోవచ్చా? హీటింగ్ ఎలా ఉంది, దాని బిల్లు ఎవరిది?

మూడో ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. సలమాంకా సముద్ర మట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తున ఉంది. స్పెయిన్ అంటే ఎండ, బీచ్ అనుకుని వచ్చినవాళ్లు డిసెంబరు రాత్రి సున్నా కంటే కింద వణికిపోతారు. వేసవిలో చవగ్గా కనిపించిన పాత ఫ్లాట్, చలికాలంలో కరెంటు హీటర్ బిల్లుతో ఆ తేడా మొత్తం లాగేస్తుంది.

తిండి, వేళలు

మధ్యాహ్న భోజనం రెండు నుంచి నాలుగు మధ్య, రాత్రి భోజనం తొమ్మిది తర్వాత. ఏడింటికి హోటల్‌కు వెళ్తే వంటగది మూసే ఉంటుంది. శాకాహారులు ‘మాంసం వద్దు’ అని ఊరుకుంటే చాలదు. చాలామంది దృష్టిలో హామోన్, అంటే ఎండబెట్టిన పంది మాంసం, ‘మాంసం’ కిందికి రాదు. సలాడ్‌లో ట్యూనా చేప కూడా రావొచ్చు. ‘మాంసం, హామోన్, చేప ఏవీ తినను’ అని విడివిడిగా చెప్పాలి. కందిపప్పు మామూలు సూపర్‌మార్కెట్‌లో ఆశించొద్దు కానీ మసూర్ జాతి పప్పు, శనగలు ఎక్కడైనా దొరుకుతాయి. అవి స్పెయిన్ వాళ్ల ఇళ్లలోనూ రోజువారీ వంటలే.

సాయంత్రమైతే ఊరంతా ప్లాథా మయోర్ అనే పెద్ద చౌకులో చేరుతుంది. ‘గడియారం కింద కలుద్దాం’ అంటే అక్కడే. ఒక్కళ్లే గదిలో కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేయాలనిపించే రోజుల్లో అక్కడికి వెళ్లండి. భాషకు క్లాసు ఎంత అవసరమో, ఆ చౌకు కూడా అంతే అవసరం.

అసలు ప్రశ్న.. ఉద్యోగం

ఇక్కడే కళ్లు తెరుచుకుని ఉండాలి. ఉన్నత విద్య చదివే విదేశీ విద్యార్థులు వారానికి 30 గంటల వరకు పని చేయొచ్చు. చట్టం ఒప్పుకొంటుంది. మరి పని దొరుకుతుందా? ఈ ఊరు నడిచేది యూనివర్సిటీ, పర్యాటకం, ఆసుపత్రులు, చిన్న వ్యాపారాలతో. పెద్ద ఐటీ కంపెనీల వరుసలు ఉండవు. 25 ఏళ్లలోపువారిలో నిరుద్యోగం యూరోపియన్ యూనియన్‌లోనే ఎక్కువగా ఉన్న దేశాల్లో స్పెయిన్ ఒకటి. హోటల్ ఉద్యోగానికి స్థానిక కుర్రాళ్లతో పోటీ పడాలి.

2025లో పూర్తి సమయం ఉద్యోగానికి కనీస వేతనం నెలకు 1,184 యూరోలు, ఏడాదికి 14 చెల్లింపులు. ఆ లెక్కన వారానికి 20 గంటలు చేస్తే నెలకు 590 దాకా వస్తుంది. బాగానే ఉంది. కానీ నాన్న పొలం తనఖా పెట్టి తెచ్చిన లోన్‌కు ఈ డబ్బుతో కిస్తీలు కట్టేస్తానని లెక్క వేసుకోవద్దు. మొదటి ఏడాది పార్ట్‌టైమ్ ఆదాయాన్ని సున్నా అనుకుని ప్లాన్ చేయండి. వస్తే అది లాభం.

చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్ఠంగా 24 నెలల నివాస అనుమతి తీసుకునే వీలుంది. చాలామంది అప్పుడు మాడ్రిడ్ వైపు చూస్తారు. చిన్న ఊళ్లో రెండేళ్లు స్పానిష్‌లో నెగ్గుకొచ్చిన వ్యక్తికీ, మాడ్రిడ్‌లో రెండేళ్లూ ఇంగ్లిష్‌తో గడిపేసిన వ్యక్తికీ ఇంటర్వ్యూలో తేడా అక్కడే తెలిసిపోతుంది.

కోర్సు ఎంచుకునేటప్పుడు మరో మెలిక ఉంది. ‘మాస్తెర్ ఒఫిథియాల్’ అంటే ప్రభుత్వ గుర్తింపున్న డిగ్రీ. ‘తీతులో ప్రోపియో’ అంటే యూనివర్సిటీ తన సొంత పేరుతో ఇచ్చే పట్టా. రెండూ ఒకే యూనివర్సిటీ ఇవ్వొచ్చు, కానీ రెండోదానితో పీహెచ్‌డీకి, చదువయ్యాక అనుమతులకు ఇబ్బంది పడొచ్చు. కన్సల్టెన్సీ వాళ్లు ‘అంతా ఒకటే’ అంటే నమ్మకండి. ఫీజు కట్టేముందు ఇది ఏ రకమో యూనివర్సిటీకే మెయిల్ రాసి అడగండి.

బయల్దేరే ముందు

- డిగ్రీ సర్టిఫికెట్లు, పోలీస్ క్లియరెన్స్‌కు అపోస్టిల్ చేయించి, గుర్తింపున్న అనువాదకుడితో స్పానిష్‌లోకి మార్పించుకోండి. దీనికి వారాలు పడుతుంది.
- వీసాకు సరిపోయే హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకోండి. మామూలు ట్రావెల్ పాలసీ చాలదు.
- స్కాన్ కాపీలు ఫోన్‌లో, మెయిల్‌లో, ఇంట్లో ఒకరి దగ్గర ఉంచండి.
- అత్యవసర నంబరు 112 గుర్తుంచుకోండి.
- నిబంధనలు మారుతుంటాయి. దరఖాస్తు రోజున స్పెయిన్ ఎంబసీ వెబ్‌సైట్‌లో మరోసారి చూసుకోండి.

చివరగా మీకు మీరే ఓ చిన్న పరీక్ష పెట్టుకోండి. గది గురించి ఓనర్‌తో ఫోన్‌లో మాట్లాడాలి. డాక్టర్‌కు ఎక్కడ నొప్పో చెప్పాలి. ఆఫీసులో ‘ఏ కాగితం తక్కువైంది?’ అని అడిగి, జవాబు అర్థం చేసుకోవాలి. ఈ మూడూ స్పానిష్‌లో తడుముకుంటూనైనా చేయగలిగితే టికెట్ బుక్ చేసుకోండి. చేయలేకపోతే కంగారేం లేదు. అప్లికేషన్‌ను ఒక ఏడాది వాయిదా వేసి భాష మీద కూర్చోండి. ఇంట్లో ఉండి నేర్చుకునే ఏడాదికి అద్దె కట్టక్కర్లేదు. అక్కడికెళ్లి నోరు మెదపలేక గడిపే ఏడాదికి మాత్రం లోన్ మీద వడ్డీ పడుతూనే ఉంటుంది.