మిస్సింగ్ ఎప్పుడొస్తుంది?

ఉట్నూర్ చుట్టుపక్కల నల్లరేగడి చేలలో పత్తి నాలుగాకులు వేసేలోపే గడ్డి దాని ఎత్తుకు లేస్తుంది. జూలై, ఆగస్టు నెలల్లో వాన తెరిపిచ్చే రోజులు కొన్నే. నేల మరీ తడిగా ఉంటే గుంటుకకు మట్టి ముద్దలు కడుతుంది, మరీ ఆరితే పెళ్లలు లేస్తాయి. ఆ రెంటికీ మధ్య దొరికే అదునులోనే సాళ్ల నడుమ కలుపు పోవాలి. ఎడ్లు లేని ఇళ్లలో, కూలీలు దొరకని వారాల్లో ఈ పని పవర్ వీడర్ మీద పడుతోంది. వీడర్ అంటే తిరిగే కత్తులు, వాటి మీద ఒకే సిలిండరున్న పెట్రోలు ఇంజిన్. గాలితో చల్లబడుతుంది, మ్యాగ్నెటోతో వెలుగుతుంది, గవర్నరు అదుపులో తిరుగుతుంది. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లు ఇంటి ముందు పచ్చిక కోయడానికి వాడే మోవర్లలో, మీద కూర్చుని నడిపేవాటిలో కూడా, ఉండేది ఈ జాతి ఇంజినే. కాబట్టి జబ్బులూ ఇంచుమించు ఒకటే.

ఆ జబ్బుల్లో అన్నిటికన్నా సతాయించేది అప్పుడప్పుడు వచ్చిపోయే మిస్సింగ్. అసలు స్టార్టే కాని ఇంజిన్ నయం, లోపం కదలకుండా ఒకచోట ఉంటుంది. ఇది అలా కాదు. మెకానిక్ దుకాణం ముందు రైతుకు, మెకానిక్‌కు మధ్య మాట దాదాపు ఎప్పుడూ ఇలాగే సాగుతుంది:

"దాదా, పొద్దుగాల ఒక్క గుంజుకే స్టార్టయితది. రెండు సాళ్లు కొట్టినంక టప్పుటప్పుమని ముక్కుతది. జరసేపు ఆపి మళ్ల గుంజితే మంచిగనే నడుస్తది."

"ఇక్కడ మంచిగనే ఉన్నది గద తమ్మీ. ప్లగ్గు మారుస్త, కార్బొరేటర్ కడుగుత. చూడు."

ప్లగ్గు మారుతుంది, కార్బొరేటర్ కడిగించుకుంటుంది, డబ్బులు ఖర్చవుతాయి. మర్నాడు చేలో రెండు సాళ్ల తర్వాత మళ్లీ అదే ముక్కుడు. ఇందులో మెకానిక్ చేతకానితనమేమీ లేదు. ఆయన చూసింది చల్లబడిన ఇంజిన్‌ను, బరువు లేని ఇంజిన్‌ను, చదునైన నేల మీద నిలబెట్టిన ఇంజిన్‌ను. లోపం బయటపడే పరిస్థితి చేలోనే ఉండిపోయింది. ఆ పరిస్థితిని కళ్లారా చూసినవాడు రైతు ఒక్కడే. అందుకే ఏ పార్టు పోయిందని అడగడానికి ముందు, మిస్సింగ్ ఎప్పుడు వస్తోందని అడగాలి. వేడెక్కినప్పుడా? కత్తులు మట్టిలో దిగినప్పుడా? మిట్ట ఎక్కేటప్పుడా? ట్యాంకు సగమయ్యాకా? వాన పడిన మర్నాడా? ఈ ప్రశ్నల్లో ఒక్కోదాని వెనక ఒక్కో భౌతిక కారణం ఉంది.

ముందు మిస్సింగ్ అంటే ఏమిటో చూద్దాం. ఇంజిన్ నిమిషానికి 3600 చుట్లు తిరిగితే సెకనుకు 60 చుట్లు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో రెండు చుట్లకొకసారి పెట్రోలు మండుతుంది కాబట్టి సెకనుకు 30 మంటలు. ప్రతి మంటకూ మూడు కుదరాలి: సరైన పాళ్లలో గాలి, పెట్రోలు కలిసి లోపలికి రావాలి, పిస్టన్ దాన్ని గట్టిగా నొక్కాలి, సరిగ్గా ఆ క్షణాన ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టాలి. మూడింట్లో ఒకటి తప్పినా ఆ మంట పోయినట్టే. నాలుగు సిలిండర్ల కారులో ఒకటి తప్పితే మిగతావి లాక్కుపోతాయి. ఇక్కడ ఉన్నదే ఒకటి.

చెవితో ఒక తేడా పట్టుకోవాలి. ఇంజిన్ చప్పుడు ఒక లయలో పెరిగి తగ్గి, పెరిగి తగ్గి ఊగుతుంటే అది చాలాసార్లు నిప్పురవ్వ తప్పడం కాదు, పెట్రోలు చాలకపోవడం. మిశ్రమం పలచబడి వేగం పడిపోతుంది, గవర్నరు థ్రాటిల్ తెరుస్తుంది, వేగం పెరిగాక మూస్తుంది, మళ్లీ పడిపోతుంది. అప్పుడు చౌక్ సగం మూసి చూడాలి. ఊగుడు తగ్గితే జెట్టులో చెత్త ఉన్నట్టు, లేదా కార్బొరేటరుకూ ఇంజిన్‌కూ మధ్య ప్యాకింగ్ దగ్గర దొంగ గాలి పీలుస్తున్నట్టు. లయ లేకుండా ఉన్నట్టుండి తప్పి, సైలెన్సరులో టప్పుమని పేలితే అనుమానం నిప్పురవ్వ మీదికి పోవాలి. మండని పెట్రోలు ఆవిరి సైలెన్సరులోకి చేరి అక్కడ అంటుకోవడమే ఆ పేలుడు.

నిప్పురవ్వ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. వీడరులో బ్యాటరీ ఉండదు. ఫ్లైవీల్ అంచున అయస్కాంతాలుంటాయి, దాని పక్కనే కాయిల్. ఫ్లైవీల్ తిరిగిన ప్రతిసారీ అయస్కాంత క్షేత్రం కాయిల్ గుండా మారుతుంది. లోపలి చుట్టలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటును ఒక్కసారిగా తెంచేయగానే వేల చుట్లున్న రెండో చుట్టలో వేల వోల్టులు లేస్తాయి. హై వోల్టేజ్ మ్యాగ్నెటో 1902లో జర్మనీలోని బాష్ కంపెనీలో గాట్లోబ్ హోనోల్డ్ చేతుల మీదుగా రూపుదిద్దుకుంది. అప్పటి మెకానికల్ పాయింట్ల చోట ఇప్పుడు ట్రాన్సిస్టర్ వచ్చింది, సూత్రం మాత్రం అదే.

ఇక పరీక్ష. ప్లగ్గు విప్పి, ఇంజిన్ ఇనుముకు ఆనించి, తాడు గుంజుతారు. నీలి రవ్వ కనిపిస్తే "కరెంటు మంచిగున్నది" అని తీర్పు. ఈ తీర్పు సగమే నిజం. 1889లో ఫ్రెడరిక్ పాషెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక సంగతి తేల్చాడు. రెండు లోహపు కొనల మధ్య రవ్వ దూకడానికి ఎంత వోల్టేజ్ కావాలో ఆ కొనల మధ్య దూరమూ, అక్కడి వాయు పీడనమూ కలిసి నిర్ణయిస్తాయి. ప్లగ్గు గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. బయటి గాలిలో ఆ గ్యాపును దాటడానికి 3 వేల వోల్టులకు కాస్త అటూ ఇటూగా చాలు. సిలిండరు లోపల పిస్టన్ నొక్కిన దట్టమైన మిశ్రమంలో అదే గ్యాపుకు 10 వేల వోల్టులు దాటాల్సి రావచ్చు. కత్తులు మట్టిలోకి దిగి ఇంజిన్ మీద బరువు పడగానే గవర్నరు థ్రాటిల్ బాగా తెరుస్తుంది, మిశ్రమం ఎక్కువగా లోపలికొస్తుంది, సాంద్రత ఇంకా పెరుగుతుంది. నీరసించిన కాయిల్ దుకాణం ముందు రవ్వ చూపించి, చేలో చేతులెత్తేయడానికి కారణం ఇదే. ప్లగ్గు అరిగి గ్యాపు పెరిగినా, పింగాణీకి కంటికి కనపడని పగులున్నా, క్యాప్ లోపల తుప్పు పట్టినా తప్పు మొదట బయటపడేది బరువు మీదే. గ్యాపు ఎక్కువ పెట్టుకోగలిగే స్పార్క్ టెస్టరుతో చూస్తే ఆ లోపలి కష్టాన్ని బయటే కొంతవరకు కల్పించవచ్చు. ఏ పరీక్ష చేసినా ప్లగ్గు రంధ్రానికి దూరంగా, ఒలికిన పెట్రోలు తుడిచాకే చేయాలి. చీకటి పడ్డాక నడిపి చూడటం కూడా మంచి పద్ధతి. ప్లగ్గు తీగ మీద ఎక్కడైనా పగులుంటే నీలి గీతలు బయటికి దూకడం కంటికే కనిపిస్తుంది. వాన పడిన మర్నాడే మిస్సింగ్ వచ్చే బండిని ఇలా తప్పక చూడాలి.

వేడెక్కాక మాత్రమే వచ్చే మిస్సింగ్‌ది వేరే కథ. కాయిల్‌లోని అతి సన్నని రాగి తీగ ఒక్కచోట విరిగి ఉందనుకోండి. చల్లగా ఉన్నప్పుడు విరిగిన కొనలు ఒకదానికొకటి ఆని ఉంటాయి. వేడికి చుట్టూ ఉన్న రెసిన్ రాగికన్నా ఎక్కువగా వ్యాకోచిస్తుంది, కొనలు విడిపోతాయి. చల్లారితే మళ్లీ కలుస్తాయి. ఆపి, సేద తీరి, మళ్లీ గుంజితే నడవడంలో మాయ లేదు. మంచి తీగలో కూడా 30 డిగ్రీల నుంచి 110 డిగ్రీలకు పోయేసరికి రాగి నిరోధం 30 శాతం దాకా పెరుగుతుంది. అందుకే మీటరుతో కాయిల్‌ను చల్లగా ఉన్నప్పుడు కొలిచి ఊరుకుంటే లాభం లేదు. మిస్సింగ్ మొదలైన వెంటనే, వేడి మీదనే కొలవాలి.

మరి కాయిల్ అంత వేడెక్కడం దేనికి? చాలాసార్లు దోషం దానిది కాదు. ఫ్లైవీల్ రెక్కలే ఫ్యాన్‌లా గాలిని తోసి సిలిండరు మీది లోహపు గాడుల్ని చల్లబరుస్తాయి. నల్లరేగడి దుమ్ము, తెగిన గడ్డిపోచలు కవరు కింద చేరి ఆ గాడుల్ని పూడ్చేస్తే గాలికి దారి ఉండదు. పైన కవరు తుడిచి మెరిపించినా లోపల గట్టిపడిన మట్టి అలాగే ఉంటుంది. సీజనులో ఒక్కసారైనా ఆ కవరు విప్పి గాడులు శుభ్రం చేయించకుండా కొత్త కాయిల్ కొనడం దండగ అని నా గట్టి అభిప్రాయం. వేడికి వాల్వులూ ఇబ్బంది పెడతాయి. హోండా జీఎక్స్160 నమూనా ఇంజిన్‌లో చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ ట్యాపెట్ గ్యాపు 0.15, ఎగ్జాస్ట్‌ది 0.20 మిల్లీమీటర్లు ఉండాలి. అరుగుదలకు ఈ గ్యాపు తగ్గిపోతే, వేడెక్కి వాల్వు కాడ పొడవు పెరిగినప్పుడు అది పూర్తిగా మూసుకోదు, నొక్కుడు బలం జారిపోతుంది.

మిట్టపల్లాల మీద, కుదుపుల మీద వచ్చే మిస్సింగ్‌కు ముందు చూడాల్సింది స్విచ్ వైరు. మ్యాగ్నెటో ఇంజిన్‌ను ఆపాలంటే కాయిల్ కరెంటును ఇంజిన్ బాడీలోకి మళ్లిస్తారు. అంటే ఈ వైరు తెగితే ఇంజిన్ ఆగదు. దాని తొడుగు ఒరుసుకుపోయి రాగి బాడీకి తాకితేనే ఆగుతుంది. హ్యాండిల్ వెంట వచ్చే వైరు అదురుకు ఎక్కడో ఒకచోట ఒరుసుకుంటూనే ఉంటుంది. కొన్ని ఇంజిన్లలో ఆయిల్ తగ్గితే ఇదే దారిలో కరెంటును ఆపే తేలుడు స్విచ్ కూడా ఉంటుంది. ఆయిల్ కాస్త తక్కువున్న ఇంజిన్ చదును మీద బాగానే నడిచి, వాలు చేలోకి దిగగానే ఆగిపోతుంటే కార్బొరేటర్ జోలికి పోకముందే ఆయిల్ చూడాలి. కూర్చుని నడిపే మోవర్లలో సీటు కింద కూడా ఒక స్విచ్ ఉంటుంది. మనిషి లేస్తే ఇంజిన్ ఆగిపోయే ఏర్పాటు అది. గతుకులో సీటు మీంచి మనిషి కాస్త ఎగిరినా, స్విచ్ స్ప్రింగు నీరసించినా ఆ క్షణం మంట తప్పుతుంది. తేల్చుకోవడానికి స్విచ్ వైరును కాయిల్ దగ్గర విడదీసి నడిపి చూడవచ్చు. కత్తులు తిరగకుండా ఉంచి, చౌక్ మూసి ఇంజిన్ ఎలా ఆపాలో ముందే చూసుకుని, పరీక్ష కాగానే వైరు మళ్లీ తగిలించాలి. ఆ స్విచ్ ఉన్నది కాళ్లనూ వేళ్లనూ కాపాడటానికి.

పదిహేను ఇరవై నిమిషాలు బాగా నడిచి, మెల్లగా నీరసించి ఆగే ఇంజిన్ విషయంలో నేనైతే ముందు ట్యాంకు మూత పట్టుకుంటాను. మూతలో సన్నని గాలి రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదు. నూనె డబ్బాకు రెండు బెజ్జాలు ఎందుకు పొడుస్తామో ఇదీ అందుకే. లెక్క వేస్తే ఇంకా ఆశ్చర్యం. కార్బొరేటరుకన్నా ట్యాంకులో పెట్రోలు 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, దాన్ని కిందికి తోసే పీడనం వాతావరణ పీడనంలో ఒక శాతం కూడా కాదు, దాదాపు 0.7 శాతం. ట్యాంకులో లీటరు గాలి ఉండి, బయటి నుంచి చుక్క గాలి కూడా రాకపోతే, 7 మిల్లీలీటర్ల పెట్రోలు దిగేసరికి ఆ తోపు అయిపోతుంది. పెట్రోలు ఆవిరి కొంత పూడుస్తుంది, మూత కూడా పూర్తిగా బిగుసుకోదు, కాబట్టి ఇంజిన్ ఇంకాసేపు లాక్కొస్తుంది. ఆగగానే మూత కాస్త వదులు చేస్తే సన్నగా ఈలలాంటి చప్పుడు, ఆ వెంటనే ఇంజిన్ నడిస్తే జబ్బు దొరికినట్టే. పైసా ఖర్చు లేని మరమ్మతు. సైలెన్సర్ కాలుతూ ఉంటుంది కాబట్టి మూత పూర్తిగా తీయొద్దు.

నిప్పురవ్వా, పెట్రోలా అన్న సందేహం తీర్చే సాక్షి ప్లగ్గే, కానీ సరైన క్షణంలో అడగాలి. మిస్సింగ్ ముదిరిన వెంటనే స్విచ్ ఆపి, చేతికి గుడ్డ చుట్టుకుని ప్లగ్గు విప్పాలి. కొన పెట్రోలుతో తడిసి ఉంటే ఇంధనం వచ్చింది, అంటించేవాడు లేడు. పొడిగా, తెల్లబారి ఉంటే పెట్రోలే అందలేదు. ఇంజిన్‌ను అలా ముక్కుతూ ఇంటిదాకా నడిపించుకొస్తే ఈ ఆధారం చెరిగిపోతుంది.

ఈ మధ్య పెట్రోలులోనూ మార్పు వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మన దేశంలో 2023 ఫిబ్రవరిలో బంకుల్లోకి రావడం మొదలై, 2025 కల్లా మామూలైపోయింది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు, 20 శాతం మిశ్రమానికి సుమారు 13.5. పాత పెట్రోలు కోసం చేసిన జెట్టు గుండా ఈ కొత్తది వస్తే మిశ్రమం ఆ మేరకు పలచనవుతుంది. పలచని మిశ్రమం నిప్పు తొందరగా అందుకోదు, బరువు మీద తప్పుతుంది. చాలా చిన్న ఇంజిన్ల పుస్తకాల్లో 10 శాతం ఇథనాల్ వరకే అనుమతి రాసి ఉంటుంది, కొనేముందు చూసుకోవాలి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. పట్టగలిగిన దానికన్నా నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. ట్యాంకులో పెట్రోలు తీసుకునే గొట్టం ఉండేదీ ఆ అడుగునే.

వీడరుకు పని ఉండేది వానకాలంలోనే. పత్తి చెట్లు కమ్ముకున్నాక అది కొట్టంలో మూలన పడి ఆదిలాబాద్ చలినీ, ఆ తర్వాత 43 డిగ్రీలు దాటే మే ఎండనూ చూస్తుంది. ఆ నెలల్లో సగం ఖాళీ ట్యాంకులో చెమ్మ చేరుతుంది, కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోలు ఆవిరై జిగురుగా మారి మిల్లీమీటరుకన్నా సన్నని జెట్టు రంధ్రాన్ని సగం మూసేస్తుంది. జూన్‌లో గుంజితే స్టార్టవుతుంది, చేలో ముక్కుతుంది. ఆఖరి కలుపు కాగానే ట్యాంకు ఖాళీ చేసి, కాక్ మూసి ఆగేదాకా నడిపి, కార్బొరేటర్ గిన్నె కింది డ్రెయిన్ బోల్టు వదులు చేసి మిగిలిన నాలుగు చుక్కలూ కార్చేయాలి. రెంచి ఒకటి ఉంటే చాలు, పది నిమిషాల పని.