చీకటి మంటపములో పెద్ద కెమేరా

లేపాక్షి వీరభద్రాలయపు మంటపములో కప్పు మీద పదునారవ శతాబ్దినాటి చిత్రములు కలవు. బయటి యెండలోనుండి లోనికి వచ్చినవారికి అవి కొంతసేపటికిగాని స్పష్టముగా కనిపించవు. అట్టి వెలుతురులో పెద్ద ఫిలిము కెమేరాతో వానిని పట్టుట యెట్లు?

ఈ కెమేరా వెనుక ఒక గరుకుటద్దము ఉండును. దృశ్యము దానిపై తలక్రిందులుగా పడును. మనము నల్లని గుడ్డ కప్పుకొని, భూతద్దముతో ఆ బింబమును చూచుచు, తిత్తిని ముందు వెనుకలకు జరిపి స్పష్టత కుదుర్చుకొందుము. వెలుతురు చాలనప్పుడు ఈ పనియే కష్టము.

మొదట కావలసినది ఓపిక. కన్ను చీకటికి అలవాటుపడుటకు కొన్ని నిమిషములు పట్టును. తరువాత కటకపు ద్వారమును పూర్తిగా తెరువవలెను. మూలలు నల్లగా కనిపించినచో, కంటిని కటకమునకు సూటిగా ఉండునట్లు ప్రక్కకు జరిపి చూడవలెను. అద్దముపై ఊపిరి తగులనీయరాదు, ఆవిరి పట్టును.

అప్పటికిని రేఖలు తెలియనిచో, దగ్గరి స్తంభము చెంత ఒకటి, దూరపు స్తంభము చెంత ఒకటి చిన్న టార్చి బల్బులుంచుదము. వెలుగు చుక్క మిక్కిలి చిన్నదై, అంచు తీరినప్పుడు స్పష్టత కుదిరినట్లు. క్రొవ్వొత్తి వలదు, దాని మసి చిత్రములకు శత్రువు.

ఈ రెండు చోట్లకును కుదిరిన స్థానములను కెమేరా పట్టాపై పెన్సిలుతో గుర్తించి, వాని నడుమ నిలిపి, పిదప ద్వారమును కుదింపవలెను. కప్పును ఏటవాలుగా తీయునప్పుడు మాత్రము కటకమునే వంచుట మేలు. ఫిలిము, కటకము, కప్పు — ఈ మూడు తలములును ఒకే రేఖయందు కలియునట్లు చేసినచో, కప్పు ఈ కొసనుండి ఆ కొసవరకు స్పష్టమగును. ఆస్ట్రియా సైన్యాధికారి థియోడర్ షైంఫ్లుగ్ తన 1904 నాటి పేటెంటులో వివరించిన సూత్రమిదియే.

ద్వారమును ఎఫ్ 5.6 నుండి ఎఫ్ 22కు కుదించినచో వెలుతురు పదునారవ వంతగును. ఒక సెకండు పని 16 సెకండ్లకు పెరుగును. దీర్ఘకాలము తెరచి యుంచినప్పుడు ఫిలిము మందగించును గనుక, తయారీదారు పట్టికను చూచి ఇంకను కొంత కాలము కలుపవలెను. అందుచేత మరలన్నియు బిగించిన పిమ్మటనే ఫిలిము పెట్టెను మెల్లగా దూర్చవలెను. ఆ తాకిడికే కుదిరిన స్పష్టత చెదరవచ్చును.

ఇంత శ్రమ యేల? ఆ చిత్రములు కొన్ని చోట్ల పెచ్చులూడినవి, రంగు వెలిసినవి. రేపు మరియొక ముక్క రాలినచో, అచ్చట చిత్రకారుడు గీసిన రేఖ ఎట్టిదో చెప్పగలది నేటి మన నెగటివు మాత్రమే. అది మసకబారినదైనచో ఆ సాక్ష్యము కూడ లేనట్లే.